‘తదితరులు’ లేని పత్రిక

(కోల్‌కతాలో కళ, డిజైన్ చదువుతున్న విద్యార్థులు కొందరు తమ కళాశాల పూర్వ విద్యార్థుల కోసం ఒక పత్రిక తయారుచేస్తున్నారు. ఆ బృందంలోని తెలుగు విద్యార్థులు ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం ఇది.)



మీరు పంపిన డమ్మీని రైల్లో వస్తూ రెండుసార్లు తిరగేశాను. పేజీల అమరిక గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్షరం హాయిగా చదవనిస్తోంది, బొమ్మలకు తగినంత చోటుంది, ప్రకటనలు వ్యాసాల మీదికి ఎక్కి కూర్చోలేదు. నేను మాట్లాడాలనుకున్నది ఆరో పేజీలోని ఒక్క మాట గురించి. అక్కడ ఒక పాత గ్రూపు ఫోటో వేశారు. కుర్చీల్లో కూర్చున్న అధ్యాపకుల పేర్లు ఉన్నాయి. వెనక నిలబడ్డ విద్యార్థుల పేర్లు, మీకు తెలిసినంతవరకు, ఉన్నాయి. నేల మీద కూర్చున్న ముగ్గురికి, కుడి చివర తలుపు పక్కన నిలబడ్డ ఇద్దరికి కలిపి ‘తదితరులు’ అని రాశారు.

తెలుగు పేపర్ల జిల్లా పేజీలు చదివినవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు. ఫలానా ఎమ్మెల్యే, ఫలానా సర్పంచ్, తదితరులు పాల్గొన్నారు. సభకి షామియానా కట్టినవాడు, డప్పు కొట్టినవాడు, భోజనాలయ్యాక విస్తళ్ళు ఎత్తినవాళ్ళు అందరూ ఆ ఒక్క మాటలోనే ఉంటారు. మా పేట మొత్తం చాలా ఏళ్ళు పేపర్లో అలాగే పడింది. అందుకే ఆ మాట ఎక్కడ కనపడ్డా నా కన్ను అక్కడ ఆగుతుంది.

ఇవాళ నా ప్రశ్న ఒకటే. పూర్వ విద్యార్థి అంటే ఎవరు? ఎవరిని ఆ మాటలోకి రానిస్తారు, ఎవరిని తదితరుల్లో పడేస్తారు? ఇది సంపాదకులు తేల్చుకోవాల్సిన సంగతి, మాకేం సంబంధం అని మీలో డిజైన్ వైపు ఉన్నవాళ్ళు అనొచ్చు. ఎవరి పేరు ఎన్ని పాయింట్లలో పడాలి, ఎవరి ఫోటో ఎక్కడ కత్తిరించాలి, ఎవరి వివరం చోటు చాలక ఎగిరిపోవాలి అన్నది చివరి రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషే తేలుస్తాడు. సంపాదకులు అప్పటికి నిద్రపోతుంటారు.

పూర్వ విద్యార్థుల పత్రిక చిన్న విషయమని అనుకోకండి. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1930 డిసెంబరులో, అంటే లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరుగుతున్న రోజుల్లో, ఆ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థుల పత్రిక ‘కొలంబియా అలమ్నై న్యూస్’లో ఆయన మాట ఒకటి అచ్చయింది. తన జీవితంలో దొరికిన అత్యుత్తమ మిత్రుల్లో కొలంబియా సహాధ్యాయులు, అక్కడి గురువులు ఉన్నారని చెప్పారు. జాన్ డ్యూయీ, జేమ్స్ షాట్‌వెల్, ఎడ్విన్ సెలిగ్‌మన్, జేమ్స్ హార్వే రాబిన్సన్ అని పేర్లు కూడా చెప్పారు. అంబేడ్కర్ మీద డ్యూయీ ప్రభావం గురించి రాసే పరిశోధకులు ఇవాళ మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళే వాక్యం అది. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోబెట్టిన పిల్లవాడికి ‘సహాధ్యాయి’ అనే మాట నిజమైంది ఖండాలు దాటాక. ఆ సంగతి మనకి అందింది ఒక పూర్వ విద్యార్థుల పత్రిక వల్ల. ఆ పేజీని కూర్చిన మనిషి ఎవరో మనకి తెలియదు. చోటు చాలక ఆ వాక్యం తీసేసి ఉంటే మనకెంత నష్టమో తెలుసు.

మన ఉద్యమానికి కాలేజీ పత్రికలతో పాత బంధమే ఉంది. ఔరంగాబాద్‌లో బాబాసాహెబ్ పెట్టిన మిలింద్ కళాశాల చుట్టూ చేరిన విద్యార్థులు, అధ్యాపకుల నుంచే మరాఠీ దళిత సాహిత్యానికి ఒక పెద్ద పాయ మొదలైంది. గంగాధర్ పంతావనే 1967లో మొదలుపెట్టి దశాబ్దాలు నడిపిన ‘అస్మితాదర్శ్’ ఆ వాతావరణంలో పుట్టిందే. తెలుగులో బొజ్జా తారకం గారు నడిపిన ‘నలుపు’ కాలేజీ పత్రిక కాదు గానీ, దాని చుట్టూ పెరిగినవాళ్ళలో ఎంతమంది హాస్టల్ పిల్లలో మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి చూడండి.

సరే, కోల్‌కతాకి వద్దాం. అచ్చుకీ బొమ్మకీ ఈ ప్రాంతం మొత్తం దేశానికి పాత పాఠశాల. ఆ పాఠశాలకి పూర్వ విద్యార్థుల జాబితా రాస్తే మొదట ఎవరి పేరు రాయాలి? నేనైతే పంచానన్ కర్మకార్ అంటాను. కమ్మరి. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం అచ్చయింది. బెంగాలీ అక్షరాలు విడి లోహపు అచ్చులుగా పోతపోసి ముద్రించిన తొలి పుస్తకం అది. ఆ అక్షరాల కోసం చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి ఉక్కు మీద అక్షరం చెక్కిన చెయ్యి పంచానన్‌ది. పుస్తకం ముందుమాటలో హాల్‌హెడ్ విల్కిన్స్‌ని తెగ పొగిడాడు. లోహం కరిగించడం, చెక్కడం, పోతపోయడం, అచ్చువేయడం అన్నీ ఆయనే చేశాడన్నాడు. పంచానన్ పేరు అందులో లేదు. తర్వాత ఆయన శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్‌లో చేరి పనిచేశాడు కాబట్టి, ఆయన అల్లుడు మనోహర్ ఆ పని కొనసాగించాడు కాబట్టి, అక్కడి మిషనరీలు రాసిపెట్టారు కాబట్టి ఆ పేరు మిగిలింది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది కూడా ఆ శ్రీరాంపూర్‌లోనే. ఇక్కడ కూర్చున్న మనం ‘బెంగాల్‌కి వలస వచ్చిన తెలుగువాళ్ళం’ అనుకుంటాం గానీ, మన అక్షరం మనకంటే చాలా ముందే వచ్చి ఈ గంగ ఒడ్డున అచ్చులో కూర్చుంది.

ఇక బడి సంగతి. ఈ నగరంలోని పాత ఆర్ట్ స్కూలు 1854లో చిత్‌పూర్ గరాన్‌హాటాలో, పారిశ్రామిక కళను ప్రోత్సహించే ఒక సంఘం చేతుల మీదుగా మొదలైంది. నక్షలు గీసేవాళ్ళు, చెక్కేవాళ్ళు, మూసలు పోసేవాళ్ళు కావాలన్నది ఆలోచన. అన్ని వర్గాల పిల్లలకూ పని నేర్పాలన్నారు. చిత్‌పూర్ అంటేనే అప్పట్లో కర్ర దిమ్మెల మీద బొమ్మలు చెక్కి చౌక పుస్తకాలు అచ్చువేసే బట్‌తలా పనివాళ్ళ పేట. 1864లో ప్రభుత్వం బడిని తీసుకుంది. హెన్రీ హోవర్ లాక్ ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. 1892 నుంచి ఇండియన్ మ్యూజియం పక్కన ఇప్పుడున్న చోట ఉంది. 1951లో గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ క్రాఫ్ట్ అయింది.

ఈ మధ్యలో జరిగిందే మనకి ముఖ్యం. చేతిపని కులాల పిల్లల కోసం అనుకున్న బడి క్రమంగా ఇంగ్లీషు వచ్చిన భద్రలోక్ అబ్బాయిల బడి అయింది. తపతి గుహ ఠాకుర్తా 1992లో వచ్చిన తన పుస్తకంలో ఈ మార్పుని వివరంగా రాశారు. కళాకారుడు అనే కొత్త మనిషి ఎలా పుట్టాడో, పనివాడు అనే పాత మనిషి ఎలా కిందికి జరిగాడో చదివితే తెలుస్తుంది. కులం పేరెత్తకుండానే కులం పని జరిగిపోయింది. అమ్మాయిలకైతే, తొలి భారతీయ ప్రిన్సిపాల్‌గా 1928లో వచ్చిన ముకుల్ దే కాలం దాకా ఆ తలుపే తెరుచుకోలేదు.

మీరు చేస్తున్న పనికి ఈ నగరంలో పూర్వీకులున్నారు, వాళ్ళని తెలుసుకోండి. అన్నదా ప్రసాద్ బాగ్చి ఈ బడిలో చదివి ఇక్కడే పాఠం చెప్పారు. ఫేరర్ అనే డాక్టరు 1872లో వేసిన భారతదేశపు విషసర్పాల పుస్తకానికి ఈ బడి విద్యార్థులు పాముల బొమ్మలు వేశారు, వారిలో బాగ్చి ఒకరు. రాజేంద్రలాల్ మిత్ర ఒరిస్సా పురాతన కట్టడాల మీద రాసిన సంపుటాలకి కూడా లాక్ శిష్యులే బొమ్మలు గీశారు. 1878లో బాగ్చి మరికొందరు పాత విద్యార్థులతో కలిసి బౌబజార్‌లో కలకత్తా ఆర్ట్ స్టూడియో పెట్టారు. దేవుళ్ళ బొమ్మలు రాతి అచ్చులో వేసి దేశమంతా అమ్మారు. 1885లో ఆ స్టూడియో వర్గం నుంచి ‘శిల్ప పుష్పాంజలి’ అనే బెంగాలీ కళాపత్రిక వచ్చింది. ఒక రకంగా అదే మీ తొలి సంచిక. పాత విద్యార్థులు కలిసి, కళ గురించి, తమ భాషలో వేసుకున్న పత్రిక.

తర్వాతిది ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అది బడితో పడనివాళ్ళది. హావెల్ ప్రిన్సిపాల్‌గా వచ్చి యూరప్ పద్ధతులు తగ్గించి పాఠాలు మార్చినప్పుడు విద్యార్థులు ఎదురుతిరిగారు. 1897లో రణదా ప్రసాద్ గుప్తా బయటికి వెళ్ళి జూబిలీ ఆర్ట్ అకాడమీ పెట్టారు. 1911లో ఐదవ జార్జి రాక కోసం అలంకరణ పనులు చేయమంటే చేయనని హేమేంద్రనాథ్ మజుందార్ ప్రభుత్వ బడి వదిలేశారు. ఆయన, అతుల్ బోస్, జామినీ రాయ్ వంటి వాళ్ళు 1920 ప్రాంతంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్ పేరుతో ఒకచోట చేరి బొమ్మలతో పత్రిక నడిపారు. హేమేంద్రనాథ్ ప్రభుత్వ బడిలో చదువు పూర్తిచేయలేదు. మరి ఆయన పూర్వ విద్యార్థా, కాదా? ఇవాళ ఎవరైనా ‘అవును’ అనే అంటారు, ఎందుకంటే పేరొచ్చింది. పేరున్న మనిషి మధ్యలో మానేస్తే తిరుగుబాటు అంటాం. ఫీజు కట్టలేక మానేసిన మనిషిని రిజిస్టర్లోంచి కొట్టేస్తాం.

ఇందాక చెప్పిన ఆర్ట్ స్టూడియో కథలో మరో ముక్క ఉంది. దేవుళ్ళ అచ్చుబొమ్మలు చౌకగా బజారులోకి వచ్చాక కాళీఘాట్ గుడి దగ్గర చేత్తో బొమ్మ వేసి అమ్ముకునే పటువాల బేరం పోయింది. ఆ అచ్చుబొమ్మల్లో జర్మనీ నుంచి వచ్చినవి ఉన్నాయి, మన పూర్వ విద్యార్థుల స్టూడియోవీ ఉన్నాయి. ఒక తరం గడిచాక ముకుల్ దే ఆ కాళీఘాట్ బొమ్మల్ని సేకరించారు, వాటి గురించి రాశారు. జామినీ రాయ్ ఆ గీత నుంచి నేర్చుకుని తన దారి మార్చుకున్నారు. జామినీ రాయ్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు, ఆ గీత ముందు నిలబడితే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. కానీ లెక్క చూడండి. బడి నుంచి వచ్చినవాళ్ళ వ్యాపారం పటువా బేరాన్ని దెబ్బతీసింది, బడి నుంచి వచ్చినవాళ్ళ కళ పటువా గీతతో బతికింది, పటువాల్లో మనకి పేర్లు మిగిలింది కొద్దిమందివే. మీ పత్రికలో జామినీ రాయ్ మీద వ్యాసం ఉంది. పక్కన ఆ కొద్ది పేర్లకి ఒక నిలువు గడి ఇవ్వగలరా?

బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’లో కులం అంటే శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల విభజన అని చెప్పారు. 1936లో చెప్పిన ఆ మాటకి ఆర్ట్ కాలేజీ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడదు. ఆలోచన ఒకరిది, అమలు ఒకరిది. డిజైనర్‌కి పేరు, మగ్గం మీదున్న మనిషికి కూలి. శిల్పం మీద సంతకం ఒకరిది, ప్లాస్టర్ మూస తీసినవాడు ‘హెల్పర్’. లైఫ్ స్టడీ క్లాసులో గంటలకొద్దీ కదలకుండా కూర్చునే ముసలామెని ఎన్ని బ్యాచులు గీశాయో, ఆమె పేరు ఎంతమందికి తెలుసో మీ కాలేజీలోనే అడగండి. రాంకింకర్ బైజ్ మంగలి కుటుంబం నుంచి వచ్చిన మనిషి. బాంకురా నుంచి ఆయన్ని పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ శాంతినికేతన్ దారి పట్టించారు. 1938లో ఆయన చేసిన ‘సంతాల్ కుటుంబం’ ఆధునిక భారత శిల్పంలో పెద్ద మలుపు. బహుజనుడు చేతికి సిమెంటు తీసుకుంటే పనిచేసే మనిషి అంత ఎత్తున నిలబడ్డాడు. అయినా సంతాలులు కళాశాల ఆవరణలో శిల్పంగా ఉండటం వేరు, హాజరు పట్టీలో ఉండటం వేరు.

మీ చదువులో క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అనే పని ఉంటుంది కదా. బ్యాచ్ మొత్తం ఏదో ఊరికి వెళ్తుంది. పింగ్లా దగ్గర నయా గ్రామానికి వెళ్తే అక్కడ పటం వేసేవాళ్ళందరి ఇంటిపేరూ చిత్రకర్. బిక్‌నా వెళ్తే డోక్రా పోతపనివాళ్ళు. మనవైపు అయితే చేర్యాల, నిమ్మలకుంట. వాళ్ళింట్లో టీ తాగి, వాళ్ళ చేతుల ఫోటోలు తీసి, వెనక్కి వచ్చి ఒక పుస్తకం కుడతారు. చేతులే తీస్తారు, గమనించారా? ముఖాలు తక్కువ. ఆ పుస్తకానికి మార్కులు వస్తాయి, కొందరికి ఉద్యోగమూ వస్తుంది. కృతజ్ఞతల్లో ‘గ్రామ కళాకారులకు’ అని ఒక ముక్క ఉంటుంది. అది తదితరులకి మర్యాదైన పేరు. నా సూచన ఏమిటంటే, కాలేజీ లైబ్రరీలో ఉన్న అన్ని బ్యాచుల పుస్తకాలూ దించండి. వాటిలో మీ సీనియర్లకి పని చూపించినవాళ్ళ పేర్లు దొరికినంతవరకు ఏరి, ఊరితో సహా, అధ్యాపకుల జాబితాలో కలిపి అచ్చువేయండి. విడిగా కాదు, అక్షర క్రమంలో కలిపి. పాఠం చెప్పినవాళ్ళు అధ్యాపకులు కాక ఇంకెవరు?

ఇప్పుడు అసలు చిక్కు. 2011 జనాభా లెక్కల ప్రకారం పశ్చిమ బెంగాల్ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 23.5 శాతం, షెడ్యూల్డ్ తెగలు 5.8 శాతం. మీ ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’ పేజీలో ఉన్నవాళ్ళు ఎవరెవరో నేను లెక్కపెట్టను, మీకే వదిలేస్తాను. బెంగాల్‌లో కులం లేదండీ అని ఇక్కడి స్నేహితులు నవ్వుతూ చెబుతారు. ఎమ్మెస్సీ చదువుతున్న లోధా శబర్ యువతి చునీ కోటాల్ 1992లో కులం పేరుతో అవమానాలు పడి ప్రాణం తీసుకున్నది ఈ రాష్ట్రంలోనే. బాంగ్లా దళిత సాహిత్య సంస్థ ఆ రోజుల్లోనే నిలదొక్కుకుంది, ‘చతుర్థ దునియా’ అనే పత్రిక ఆ వరసలోదే. మీకు కాలేజీ స్ట్రీట్ దగ్గరే కాబట్టి వాళ్ళ సంచికలు సంపాదించి చూడండి. తక్కువ డబ్బుతో, మామూలు కాగితం మీద, ఒక సమాజం తన పేర్లు తాను ఎలా రాసుకుంటుందో అందులో కనపడుతుంది.

అయితే జాగ్రత్త. ఇది వినగానే మీలో ఉత్సాహవంతులు ‘దళిత పూర్వ విద్యార్థుల ప్రత్యేక విభాగం’ అని పది పేజీలు కేటాయించి, ఇంటిపేర్లు చూసి కులం ఊహించి, ఫోన్లు మొదలుపెడతారని నాకు భయం. దయచేసి ఆ పని చేయకండి. కులం దాచుకుని బతుకుతున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అది పిరికితనం కాదు, అద్దె ఇల్లు, ఉద్యోగం, పిల్లల పెళ్ళి. యశికా దత్ 2019లో తన కథని పుస్తకంగా బయటపెట్టింది, అది ఆమె ఎంచుకున్న సమయం. మీ పత్రిక ఎవరి తరఫునా ఆ సమయాన్ని ఎంచకూడదు. అందరికీ ఒకే ప్రశ్నల పట్టిక పంపండి. అందులో కులం అడగకండి. దానికి బదులు కులం ఎక్కడ పనిచేస్తుందో అక్కడ అడగండి. మీ ఇంట్లో మీకంటే ముందు కాలేజీకి వెళ్ళింది ఎవరు? ప్రవేశ పరీక్షకి కోచింగ్ తీసుకున్నారా? రంగులు, కాగితం, ల్యాప్‌టాప్ ఎలా కొన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు? హాస్టల్లో ఉన్నారా, బయట గది దొరికిందా? మీ జ్యూరీలో ఇంగ్లీషు ఎంత పని చేసింది? మొదటి ఉద్యోగం గురించి ఎవరు చెప్పారు?

ఈ చివరి ప్రశ్నని మాత్రం అందరి దగ్గరా వసూలు చేయండి, ముఖ్యంగా పేరున్నవాళ్ళ దగ్గర. అజంతా సుబ్రమణియన్ మద్రాస్ ఐఐటీ మీద రాసిన ‘ద క్యాస్ట్ ఆఫ్ మెరిట్’ 2019లో వచ్చింది. పై కులాలవాళ్ళకి అంతకుముందు నుంచీ ఉన్న కుల పెట్టుబడి, పూర్వ విద్యార్థుల బలగం ద్వారా ‘ప్రతిభ’ అనే పేరు ఎలా తెచ్చుకుంటుందో ఆమె చూపించారు. ఆర్ట్ స్కూళ్ళలో జీతాలు చిన్నవి కాబట్టి బలగం లేదనుకోవడం అమాయకత్వం. గ్యాలరీ, ప్రకటనల కంపెనీ, పూజా పందిరి కాంట్రాక్టు, అతిథి అధ్యాపకుడి పోస్టు... వీటి కబురు ఎవరి చెవిన ముందు పడుతుంది? జవాబులన్నీ పక్కపక్కన అచ్చయితే చాలు, మీరు సంపాదకీయం రాయనక్కర్లేదు.

చదువు మధ్యలో ఆపేసినవాళ్ళ గురించి. నేను చదివిన చోట, పేరెందుకు, పాతికేళ్ళ సంబరానికి ఒక సావనీర్ వేశారు. మా బ్యాచ్‌లో మొదటి సంవత్సరం నా పక్క బల్ల మీద ఇద్దరుండేవాళ్ళు. ఒకడు మా అందరికన్నా బాగా అక్షరాలు రాసేవాడు. రెండో ఏడు ఫీజుకి రాలేదు. సావనీర్లో వాళ్ళిద్దరూ లేరు, ఎందుకంటే జాబితా డిగ్రీ పట్టా రిజిస్టర్ నుంచి తీశారు. వాడు ఇవాళ ఒక చిన్న ఊళ్ళో ఫ్లెక్సీ షాపులో కూర్చుంటాడు. జయంతికి బాబాసాహెబ్ బ్యానర్లు చుట్టుపక్కల పది ఊళ్ళకి వాడే చేస్తాడు. ఆ నీలం రంగు మీద తెల్లక్షరం కూర్చిన తీరు చూస్తే ఏ డిజైన్ కాలేజీ అయినా మా విద్యార్థి అని చెప్పుకోవచ్చు. అందుకే మీ జాబితాని పట్టా రిజిస్టర్ నుంచి కాక ప్రవేశాల రిజిస్టర్ నుంచి తీయండి. ఒక్క రిజిస్టర్ మారితే పత్రిక మారుతుంది.

సరిహద్దు దగ్గర కూడా జాబితా ఆపకండి. జైనుల్ ఆబెదీన్ ఇక్కడ చదివి ఇక్కడే బోధించారు. 1943 కరువులో ఈ వీధుల్లో పడి చనిపోతున్నవాళ్ళని గీశారు. దేశ విభజన తర్వాత 1948లో ఢాకాలో ఆర్ట్ స్కూలు స్థాపించారు. సఫీయుద్దీన్ అహ్మద్ లాంటి వాళ్ళు ఆయనతో ఉన్నారు. ఆ బడి మీ బడికి చెల్లెలు. మనవైపుకీ ఇలాంటి దారి ఒకటి ఉంది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అడివి బాపిరాజు వంటి వాళ్ళకి బొమ్మ నేర్పిన ప్రమోద కుమార్ ఛటర్జీ కలకత్తా మనిషే. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్ వెళ్ళి, ప్రింట్‌మేకింగ్‌లో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

భాష సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. మీ డమ్మీ ముఖచిత్రం మీద ‘కళ’ అనే మాట ఏడు లిపుల్లో ఉంది, తెలుగూ ఉంది, ఒల్ చికీ కూడా ఉంది. అందంగా ఉంది. లోపల మాత్రం అంతా ఇంగ్లీషే, కొంచెం బెంగాలీ. పండిట్ రఘునాథ్ ముర్ము 1925లో ఒల్ చికీని తయారుచేసింది సంతాలీ వాళ్ళు తమ మాట తాము రాసుకోవాలని, మనం దాన్ని పూల డిజైన్‌లాగా అట్ట మీద వాడుకోవాలని కాదు. సంతాలీలో ఒక్క పేజీ రాయించండి, లేదంటే అట్ట మీద నుంచి తీసేయండి. తెలుగుకీ అదే మాట. మీలో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ మాట్లాడి పెరిగినవాళ్ళు ఉన్నారు. మీ అమ్మానాన్నలు చదవగలిగిన పేజీ ఒక్కటైనా ఉండాలి. అనువాదం చేసినవాళ్ళ పేరు రచయిత పేరు పక్కనే, అదే సైజులో.

బొమ్మల గురించి ఒక్క మాట. మన విజయవాడ కార్టూనిస్టు ఉన్నమతి శ్యామ్ సుందర్, 1932 నుంచి 1948 దాకా ఇంగ్లీషు పత్రికల్లో బాబాసాహెబ్ మీద వచ్చిన కార్టూన్లు వందకు పైగా వెతికి తీసి 2019లో పుస్తకం వేశారు. పేరున్న కార్టూనిస్టులు ఆయన్ని ఎంత చిన్నగా, ఎంత హేళనగా గీశారో వరసగా చూస్తే ఒళ్ళు మండుతుంది. గ్రంథాలయాల్లో దశాబ్దాలు అందరి కళ్ళ ముందూ ఉన్నవే అవి. చూడాల్సిన కన్ను వచ్చేదాకా ఎవరికీ కనపడలేదు. మీ కాలేజీ పాత సంచికలు, వార్షికోత్సవ పోస్టర్లు, ర్యాగింగ్ కార్టూన్లు కూడా ఆ కన్నుతో ఒకసారి చూడండి. ముచ్చటగా ఉన్నాయని తిరిగి అచ్చేసేముందు అందులో నవ్వులపాలైంది ఎవరో చూడండి.

డబ్బు గురించి మీరు అడిగారు. ఈ పత్రిక పేరుతో పాత విద్యార్థుల దగ్గర విరాళం అడగాలా వద్దా అని. అడగండి, సిగ్గేమీ లేదు, కానీ దేనికో ముందే అచ్చువేయండి. శాంతినికేతన్ కళాభవన్‌లో 1973 నుంచి నందన్ మేళా జరుగుతోంది. నందలాల్ బోస్ పుట్టినరోజుకి ముందు రెండు రోజులు విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసినవి అమ్మి, ఆపదలో ఉన్న విద్యార్థుల సాయ నిధికి డబ్బు పోగుచేస్తారు. అలాంటిది ఒకటి పెట్టండి. మీరు ఇంకో మెట్టు ఎక్కి, సెమిస్టర్ మధ్యలో మెటీరియల్ కొనలేక ఆగిపోయేవాళ్ళకి, కారణం రాయించుకోకుండా ఇచ్చే నిధి అని చెప్పండి. ఎందుకంటే దరఖాస్తులో పేదరికం రాసి సంతకం పెట్టి నోటీసు బోర్డు మీద చూసుకోవడం కంటే చదువు మానేయడమే నయమనుకున్న పిల్లలు నాకు తెలుసు.

మీరు ‘సమష్టి పత్రిక’ అంటున్నారు కాబట్టి ఇది కూడా. సమష్టి అన్నప్పుడు పని ఎలా పంచుకున్నారో రాసిపెట్టుకోండి. ఫోన్లు చేసి బతిమాలి రచనలు తెప్పించింది ఎవరు, బెంగాలీ టైపు చేసింది ఎవరు, ప్రూఫులు దిద్దింది ఎవరు, ప్రెస్ దగ్గర రాత్రి కూర్చుంది ఎవరు, ‘కాన్సెప్ట్’ అని ఒక్క మాటతో మొదటి వరసలో నిలబడింది ఎవరు. చాలా చోట్ల ఈ విభజన అక్షరాలా కులాన్నీ ఆడా మగా తేడానీ అనుసరిస్తుంది. వచ్చే సంచికకి పనులు తారుమారు చేసుకోండి. వివరాల పెట్టెలో ప్రెస్ పేరుతో సరిపెట్టకుండా, ప్లేటు వేసినాయన, మడతపెట్టి కుట్టినవాళ్ళ పేర్లు కూడా అడిగి రాయండి. సియాల్దా, బైఠక్‌ఖానా వైపు బైండింగ్ పని ఎక్కడ జరుగుతుందో మీకే బాగా తెలుసు, సాయంత్రం ఒకసారి వెళ్ళి అడిగితే అరగంట పని.

ఇక పంపిణీ. వ్యాసం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అచ్చుకి ముందే వాళ్ళ పేజీ ప్రూఫు పంపండి, ఫోటో కింద రాతతో సహా, వద్దనే హక్కుతో సహా. అచ్చయ్యాక పేరు పడ్డ ప్రతి మనిషికీ ఒక ప్రతి చేరాలి. నయా గ్రామానికి, బిక్‌నాకి, మూసల గదిలో పనిచేసి రిటైరైన ఆయన ఇంటికి కూడా. పోస్టు ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి, తర్వాత మిగలదు. అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి ఇవ్వండి. దేశంలో అచ్చయ్యే పుస్తకాలూ పత్రికలూ అక్కడికి చేరాలని 1954 నాటి చట్టం చెబుతోంది. కాలేజీ పత్రికలని చాలామంది ఇవ్వరు. మీరు బస్సెక్కి వెళ్ళి ఇచ్చి, రసీదు తీసుకుని, దాన్ని రెండో సంచిక వేసేవాళ్ళ ఫైల్లో పెట్టండి.